తీగను పట్టిన బదనిక: చిప్పులలో పరాన్న కెపాసిటెన్స్

దేశాంతరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో వారానికి ఒకసారైనా స్వగ్రామంతో ఫోను సంభాషణ జరుగుతూనే ఉంటుంది. ఇక్కడ పలికిన మాట సముద్రాలు దాటి క్షణంలో అక్కడ వినిపిస్తుంది. నేడు ఇది ఎవరికీ వింతగా తోచదు. సముద్రగర్భంలో తీగ పరచి వార్త పంపదలచిన తొలినాళ్ళలో మాత్రం పరిస్థితి ఇలా లేదు. 1858 ఆగస్టులో ఐర్లండు నుండి న్యూఫౌండ్‌లాండు వరకు అట్లాంటిక్ అడుగున పరచిన తొలి టెలిగ్రాఫు తీగపై విక్టోరియా మహారాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు ఒక సందేశం పంపింది. అందులో ఉన్నవి 98 మాటలు. అది చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది.

ఆ జాప్యానికి మూలం తీగ నిర్మాణంలోనే ఉన్నది. మధ్యలో రాగి తీగ. దాని చుట్టూ మలయా ద్వీపకల్పపు చెట్ల పాల నుండి లభించే గట్టాపర్చా అనే బంధకపు పొర. దానిపై ఇనుప తీగల కవచం, ఆపైన ఉప్పునీరు. రెండు వాహకాల నడుమ ఒక బంధకం ఉంటే అది కెపాసిటర్ అవుతుంది. వార్త మోయడానికి తీగ వేసినవారు, తాము కోరకుండానే సముద్రమంత పొడవైన కెపాసిటర్‌ను కూడా నిర్మించారు. పంపిన ప్రతి సంకేతమూ ముందుగా ఆ కెపాసిటర్‌ను నింపవలసి వచ్చింది, తరువాత అది ఖాళీ అయ్యేవరకు ఆగవలసి వచ్చింది. తీగ పొడవు రెట్టింపైతే జాప్యం నాలుగు రెట్లవుతుందని, అనంతర కాలంలో కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ 1850 దశకంలోనే గణితం ద్వారా నిరూపించాడు. 1866లో మరింత లావైన రాగి తీగతో, మరింత మందమైన బంధకంతో వేసిన తీగ విజయవంతంగా పనిచేసింది.

1988లో అట్లాంటిక్ అడుగున తొలి కాంతితంతు తీగ పనిచేయనారంభించింది. వార్తను మోసేది కాంతి గనుక సముద్రానికి ఆ రుగ్మత వదలినది. కాని అది పూర్తిగా పోలేదు. చేతిలోని ఫోనులో, గోరంత సిలికాన్ చిప్పులోనికి వచ్చి చేరినది. నేటి చిప్పు వేగాన్ని, అది వాడే విద్యుత్తును, చివరకు అది సరిగా పనిచేయునా లేదా అన్న విషయాన్ని కూడా చాలావరకు నిర్ణయించేది ఎవరూ కోరి పెట్టని ఈ కెపాసిటెన్సే. దానిని ముందుగా లెక్కకట్టే విద్యను పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పటంలో లేని భాగాలు

1958లో జాక్ కిల్బీ, 1959లో రాబర్ట్ నాయిస్ వేర్వేరుగా రూపొందించిన భావనల నుండి చిప్పు పుట్టింది. ట్రాన్సిస్టర్లను, వాటిని కలిపే లోహపు తీగలను ఒకే సిలికాన్ పలకపై నిర్మించడం ఆ భావన సారాంశం. నేటి చిప్పులో ట్రాన్సిస్టర్లు అట్టడుగున ఉంటాయి. వాటిపై పది, పదిహేను అంతస్తుల మేడవలె లోహపు తీగల పొరలు ఉంటాయి. ప్రతి తీగకూ ప్రక్కన, క్రింద, పైన ఇతర తీగలు ఉంటాయి. నడుమ ఉన్న ఖాళీని బంధక పదార్థం నింపుతుంది.

ఏ పొరలో ఏ తీగ ఎంత వెడల్పున, ఎక్కడి నుండి ఎక్కడికి పోవలెనో తెలిపే రేఖాచిత్రానికి లేఅవుట్ అని పేరు. అందులో దీర్ఘచతురస్రాలు, బహుభుజులు తప్ప మరేమీ కనిపించవు. కాని ఎదురెదురుగా నిలిచిన ప్రతి తీగల జంటా ఒక కెపాసిటర్. వలయాన్ని రూపొందించిన ఇంజనీరు ఆ కెపాసిటర్‌ను గీయలేదు, కోరలేదు. మామిడి కొమ్మను పట్టిన బదనిక చెట్టు సారాన్ని పీల్చినట్లు, ఇది సంకేతపు శక్తిని, కాలాన్ని పీల్చుకుంటుంది. అందుకే దీనికి పరాన్న కెపాసిటెన్స్ అని పేరు. ఒక్క భేదం ఉన్నది. బదనికను కొట్టివేయవచ్చును. దీనిని కొట్టివేయడం సాధ్యం కాదు, ఏలయనగా తీగ ఉన్నంతవరకు అదీ ఉంటుంది. కొంత తగ్గించవచ్చును, మిగిలినదానిని ఖచ్చితంగా ఎరిగి, దానికి తగినట్లు వలయాన్ని సరిదిద్దుకొనవలెను. లేఅవుట్ పటం నుండి ఈ గీయని కెపాసిటర్ల విలువలను రాబట్టే ప్రక్రియనే ఎక్స్‌ట్రాక్షన్ అంటారు.

పాఠ్యపుస్తకపు సూత్రం ఎక్కడ తప్పుతుంది

రెండు సమాంతర లోహపు పలకల కెపాసిటెన్స్‌కు కళాశాలలో నేర్పే సూత్రం సులభమైనది. పలకల వైశాల్యాన్ని వాటి మధ్యదూరంతో భాగించి, నడుమనున్న రోధక పదార్థపు పెర్మిటివిటీతో గుణించవలెను. శూన్యానికి ఈ పెర్మిటివిటీ మైక్రోమీటరుకు 8.85 అట్టోఫారడులు. చిప్పులలో దీర్ఘకాలం వాడిన సిలికాన్ డయాక్సైడుకు రోధక స్థిరాంకం 3.9, రెంటినీ గుణిస్తే మైక్రోమీటరుకు సుమారు 34.5 అట్టోఫారడులు వస్తుంది. ఫారడులో లక్ష కోట్లవ వంతు పికోఫారడు. పికోఫారడులో పది లక్షలవ వంతు అట్టోఫారడు.

ఒక మైక్రోమీటరు వెడల్పు, ఒక మైక్రోమీటరు మందం గల తీగ, క్రిందనున్న లోహతలానికి ఒక మైక్రోమీటరు ఎత్తులో ఉన్నదనుకొందాము. పలకల సూత్రం ప్రకారం ఒక మిల్లీమీటరు పొడవుకు దాని కెపాసిటెన్స్ సుమారు 0.035 పికోఫారడు. కాని విద్యుత్ బలరేఖలు తీగ అడుగు నుండి మాత్రమే బయలుదేరవు. ప్రక్క గోడల నుండి, పైతలం నుండి కూడా బయలుదేరి వంపు తిరిగి క్రింది తలాన్ని చేరుతాయి. ఈ అంచు క్షేత్రాన్ని కూడా కలుపుకొనే సరళమైన సూత్రాన్ని జపానుకు చెందిన సకురాయి, తమారు 1983లో ప్రకటించారు. ఆ సూత్రం ప్రకారం పై తీగకు విలువ 0.136 పికోఫారడు. అనగా పాఠ్యపుస్తకపు లెక్క అసలు విలువలో నాలుగవ వంతు మాత్రమే చెప్పినది.

పాఠ్యపుస్తకపు సూత్రంలో దోషం లేదు. పలకల వెడల్పు మధ్యదూరం కంటె ఎంతో ఎక్కువగా ఉన్నప్పుడు అది సరిగానే పనిచేస్తుంది. వెడల్పైన తీగలున్న తొలితరం చిప్పులలో ఆ షరతు చాలావరకు నెరవేరినది. తీగలు సన్నబడిన కొలదీ ఆ షరతు చెల్లకుండా పోయినది.

మరొక విశేషం గమనింపదగినది. మిల్లీమీటరు పొడవుకు వచ్చే కెపాసిటెన్స్ తీగ పరిమాణంపై కాక, వెడల్పు, మందం, ఎడముల నిష్పత్తులపై ఆధారపడుతుంది. అన్నిటినీ సగానికి తగ్గించినా ఆ విలువ మారదు. అందుకే తీగలు దట్టంగా ఉన్న చిప్పులలో అది ఎన్నో తరాలుగా మిల్లీమీటరుకు 0.2 పికోఫారడు పరిసరాలలోనే నిలిచి ఉన్నది. అదే కాలంలో ట్రాన్సిస్టర్ చిన్నదై వేగవంతమైనది. తీగ మాత్రం సన్నబడి, నిరోధం పెరిగి, మందగించినది. ఒకనాడు చిప్పు వేగాన్ని ట్రాన్సిస్టర్ నిర్ణయించేది. నేడు ఆ నిర్ణయంలో తీగది పెద్ద వాటా.

ఒక చిన్న లెక్క

ఒక మిల్లీమీటరు తీగకు 0.2 పికోఫారడు కెపాసిటెన్స్ ఉన్నదనీ, దానిని నడిపే ట్రాన్సిస్టర్ల నిరోధం 1000 ఓములనీ అనుకొందాము. తీగ వోల్టేజి సగానికి చేరడానికి పట్టే కాలం ఈ రెండు విలువల లబ్ధానికి సుమారు 0.69 రెట్లు, అనగా 138 పికోసెకనులు. సెకనుకు వంద కోట్ల స్పందనల క్లాకుతో నడిచే చిప్పులో ఒక్కొక్క స్పందన నిడివి 1000 పికోసెకనులు. ఒక్క తీగ నింపడానికే అందులో ఏడవ వంతు వ్యయమైపోయినది.

శక్తి లెక్క కూడా చూడదగినది. ఒక వోల్టు వద్ద ఆ తీగను ఒకసారి నింపి ఖాళీ చేయడానికి 0.2 పికోజౌళ్ళు కావలెను. సెకనుకు వంద కోట్లసార్లు జరిగితే అది 0.2 మిల్లీవాటు. ఒక్క తీగకు ఇది స్వల్పమే. అటువంటి తీగలు లక్ష ఉండి, అన్నీ ప్రతి స్పందనలోనూ మారితే 20 వాట్లు. ఫోను చేతిలో వేడెక్కడానికి, బ్యాటరీ సాయంత్రానికే అడుగంటడానికి ఈ తీగలు కూడా కారణమే.

తీగ పొడవైన కొలదీ దాని సొంత నిరోధం కూడా లెక్కలోనికి వచ్చి, సముద్రపు తీగ విషయంలో థామ్సన్ చెప్పిన వర్గ నియమమే ఇక్కడా వర్తిస్తుంది. అందుకు పరిహారంగా పొడవైన తీగను ముక్కలుచేసి, నడుమ సంకేతాన్ని తిరిగి బలపరచే చిన్న వలయాలను ఉంచుతారు. పూర్వకాలపు అంచెటపాలో ఒకరి నుండి మరొకరు సంచి అందుకొని పరుగెత్తిన విధానం వంటిదే ఇది. ఎన్ని అంచెలు, ఎక్కడెక్కడ ఉంచవలెనన్నది కెపాసిటెన్స్ విలువ తెలిస్తేనే చెప్పగలము.

పొరుగు తీగల ప్రభావం

తీగ వెడల్పును తగ్గించినప్పుడు మందాన్ని కూడా అంతే తగ్గిస్తే నిరోధం మితిమీరిపోతుంది. అందుచేత నిర్మాతలు తీగలను సన్నగా, ఎత్తుగా నిర్మిస్తారు. ఇరుకు సందుకు ఇరువైపులా ఎత్తైన గోడలు నిలిచినట్లు, తీగల ప్రక్కతలాలు అతి సమీపంగా ఎదురెదురుగా నిలుస్తాయి. ఫలితంగా తీగ కెపాసిటెన్స్‌లో పెద్ద భాగం క్రింది పొరతో కాక పొరుగు తీగలతోనే ఏర్పడుతుంది.

పై ఉదాహరణలోని 0.2 పికోఫారడులో 0.12 పొరుగు తీగలతోనూ, 0.08 స్థిరమైన తలాలతోనూ ఏర్పడినదనుకొందాము. పొరుగు తీగలు కూడా అదే క్షణంలో అదే దిశలో మారితే, వాటి నడుమ వోల్టేజి భేదమే ఉండదు గనుక నింపవలసినది 0.08 మాత్రమే, జాప్యం 55 పికోసెకనులు. అవి ఎదురు దిశలో మారితే పొరుగు భాగం రెట్టింపై మొత్తం 0.32 అవుతుంది, జాప్యం 221 పికోసెకనులు. ఒకే తీగ, ఒకే ట్రాన్సిస్టర్. పొరుగువారి ప్రవర్తనను బట్టి జాప్యం నాలుగు రెట్లు మారినది. కనుక మొత్తం కెపాసిటెన్స్ ఎంతో తెలిస్తే చాలదు. ఏ తీగకు ఏ తీగతో ఎంత ఉన్నదో విడివిడిగా తెలియవలెను.

ఊరకున్న తీగపై పొరుగు తీగ మార్పు వలన తప్పుడు స్పందన పుట్టడం కూడా కద్దు. పాతకాలపు ట్రంకు కాల్ మధ్యలో అపరిచితుల సంభాషణ వినిపించిన అనుభవం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. దానికీ దీనికీ పేరు ఒకటే: క్రాస్‌టాక్.

పటం నుండి విలువలకు

ఎక్స్‌ట్రాక్షన్ చేసే ప్రోగ్రాముకు రెండు విషయాలు అందించవలెను. మొదటిది లేఅవుట్. రెండవది నిర్మాణ వివరపట్టిక: ప్రతి లోహపు పొర ఎంత ఎత్తున, ఎంత మందాన ఉన్నది, నడుమనున్న ప్రతి బంధకపు పొర మందమెంత, రోధక స్థిరాంకమెంత అన్న సమాచారం. లేఅవుట్ తీగల పొడవు వెడల్పులను మాత్రమే చెబుతుంది. ఎత్తును ఈ పట్టిక చెబుతుంది. రెంటినీ కలిపినప్పుడే త్రిపరిమాణ రూపం సిద్ధిస్తుంది.

మొదటి పని, ఒకదానినొకటి తాకుతున్న లోహభాగాలను ఒకే తీగగా గుర్తించడం. తరువాత ప్రతి తీగకూ చుట్టూ ఉన్నవి ఏవో పరిశీలించి, ప్రతి జంటకూ కెపాసిటెన్స్ నిర్ణయించడం. ఇందుకు మూలమైన లాప్లాస్ సమీకరణాన్ని కోట్ల తీగలున్న మొత్తం చిప్పుకు నేరుగా సాధించబూనితే కాలం చాలదు. అందుచేత ఒక యుక్తి అవలంబిస్తారు. చిప్పులలో తరచుగా ఎదురయ్యే తీగల అమరికలు కొన్ని వేలు ఎంచుకొని, వాటికి మాత్రం సమీకరణాన్ని ముందుగానే సాధించి పట్టికలలో భద్రపరుస్తారు. తరువాత లేఅవుట్‌లోని ప్రతి భాగాన్ని తగిన అమరికతో పోల్చి, పట్టిక నుండి విలువను గ్రహిస్తారు. గ్రహగణితం పంచాంగకర్త చేసి ఉంచుతాడు. పురోహితుడు పంచాంగం విప్పి తిథి చెబుతాడు. ఇదీ అటువంటిదే.

ఈ విధంగా వచ్చిన నిరోధాలను, కెపాసిటెన్సులను మూలవలయానికి చేర్చి, దాని కాలగతిని తిరిగి పరీక్షిస్తారు. ఇంజనీరు గీసిన వలయంలో లేని లక్షలాది భాగాలు ఇప్పుడు అందులో ప్రత్యక్షమవుతాయి.

పట్టిక చాలనప్పుడు

అమరిక విలక్షణమైనప్పుడు, లేదా తీగ అత్యంత కీలకమైనప్పుడు సమీకరణాన్ని నేరుగా సాధింపక తప్పదు. అందుకు మూడు మార్గాలున్నాయి.

మొదటిది, వాహకాల నడుమనున్న ఖాళీనంతటినీ చిన్నచిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలోనూ వోల్టేజిని లెక్కించడం. ఇది సూటియైన మార్గం; కాని గడుల సంఖ్య విపరీతంగా పెరుగుతుంది.

రెండవది, వాహకాల ఉపరితలాలను మాత్రమే చిన్న ఫలకాలుగా విభజించి, వాటిపై విద్యుదావేశం ఎట్లు పంచబడినదో కనుగొనడం. ప్రతి ఫలకమూ ప్రతి ఫలకాన్నీ ప్రభావితం చేస్తుంది గనుక 10,000 ఫలకాలుంటే పది కోట్ల పరస్పర సంబంధాలను లెక్కించవలసి వస్తుంది. దూరం నుండి చూచినప్పుడు ఊరి దీపాలన్నీ కలిసి ఒకే వెలుగుగా కనిపించినట్లు, దూరపు ఫలకాల సమూహాన్ని ఒకే మొత్తంగా భావించవచ్చును. గ్రీన్‌గార్డ్, రోక్లిన్ 1987లో ప్రకటించిన ఈ గణితపద్ధతి ఆధారంగా, అమెరికాలోని ఎం.ఐ.టి.లో నేబర్స్, వైట్ 1991లో ఫాస్ట్‌క్యాప్ అనే ప్రోగ్రామును వెలువరించారు.

మూడవది యాదృచ్ఛిక సంచారం. ఖాళీస్థలంలో ఏ బిందువు వద్దనైనా వోల్టేజి, ఆ బిందువు చుట్టూ గీసిన గోళంపైనున్న వోల్టేజిల సగటుకు సమానం. కనుక తీగ దగ్గర ఒక బిందువు నుండి బయలుదేరి, చుట్టూ ఖాళీగా ఉన్నంతమేర ఒక గంతు వేసి, అక్కడినుండి మరొక గంతు వేస్తూ, ఏదో ఒక వాహకాన్ని తాకేవరకు సాగవలెను. అటువంటి సంచారాలు లక్షలకొద్దీ జరిపి, ఎన్ని ఏ తీగను చేరినవో తగిన విధంగా తూచి సగటు తీస్తే కెపాసిటెన్స్ లభిస్తుంది. ఈ పద్ధతిని చిప్పులకు అన్వయించి లె కోజ్, ఐవర్సన్ 1992లో ప్రకటించారు. ఇందులో దోషాన్ని సగం చేయవలెనంటే సంచారాల సంఖ్యను నాలుగు రెట్లు చేయవలెను. ఖచ్చితత్వానికి చెల్లించే మూల్యం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

రోధక స్థిరాంకం వెనుక రసాయనశాస్త్రం

ఈ గణితమంతా వివరపట్టికలోని రోధక స్థిరాంకాన్ని నమ్ముకొని సాగుతుంది. ఆ అంకెను నిర్ణయించేది రసాయనశాస్త్రం. సిలికాన్ డయాక్సైడు విలువ 3.9 అని చెప్పుకొన్నాము. అందులో ఫ్లోరిన్ చేర్చితే అది 3.5 పరిసరాలకు తగ్గుతుంది. కొన్ని ఆక్సిజన్ వారధుల స్థానంలో మిథైల్ సమూహాలను ప్రవేశపెట్టితే అణువుల అల్లిక వదులై 3 కంటె తగ్గుతుంది. ఆ పొరలో అతిసూక్ష్మమైన రంధ్రాలు కల్పిస్తే 2.5 వరకు దిగుతుంది, ఏలయనగా రంధ్రంలోని గాలి విలువ ఇంచుమించు 1. ఇంటెల్ సంస్థ 2014లో వెలువరించిన 14 నానోమీటర్ల తరంలో కొన్ని పొరల తీగల నడుమ గాలిఖాళీలనే వదిలింది. మరొకవైపు ఐ.బి.ఎం. సంస్థ 1997లో అల్యూమినియం తీగలకు బదులు రాగిని ప్రవేశపెట్టనున్నట్లు ప్రకటించినది. రాగి నిరోధం తక్కువ గనుక తీగ ఎత్తును తగ్గించవచ్చును. ఎత్తు తగ్గితే పొరుగు కెపాసిటెన్స్ కూడా తగ్గుతుంది.

అయితే రంధ్రాలున్న పొరకు బలం తక్కువ, మెరుగుపెట్టేటప్పుడు పగలవచ్చును. అంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటి ఉన్నది. తీగలకు కాలువలు చెక్కడానికి వాడే ప్లాస్మా, పొర అంచులలోని మిథైల్ సమూహాలను తొలగిస్తుంది. వాటి స్థానంలో చేరే హైడ్రాక్సిల్ సమూహాలు గాలిలోని తేమను ఆకర్షిస్తాయి. నీటి రోధక స్థిరాంకం సుమారు 80. కొద్దిపాటి తేమ చేరినా, ఎంతో శ్రమించి 2.5కు తెచ్చిన విలువ తిరిగి పైకి పోతుంది. పట్టికలో 2.5 అనే ఉంటుంది. చిప్పులో అది ఉండదు.

మెరుగుపెట్టినప్పుడు తలం సమంగా రావడానికి ఖాళీ ప్రదేశాలలో పెట్టే నిరుపయోగపు లోహపు ముక్కలు కూడా కెపాసిటెన్స్‌ను పెంచుతాయి. తీగ వెడల్పు, పొర మందం చిప్పు చిప్పుకూ స్వల్పంగా మారుతూనే ఉంటాయి. అందుచేత ఒకే విలువతో తృప్తిపడక, అత్యధికం ఎంత, అత్యల్పం ఎంత అని రెండు కొసలలోనూ వలయాన్ని పరీక్షిస్తారు.

అటు తప్పినా, ఇటు తప్పినా

కెపాసిటెన్స్‌ను తక్కువగా అంచనా వేస్తే సంకేతం ఆలస్యంగా చేరి చిప్పు నిర్ణీత వేగంతో నడవదు. ఎక్కువగా అంచనా వేస్తే క్షేమమని తోచవచ్చును. అదీ నిజం కాదు. అనవసరంగా పెద్ద ట్రాన్సిస్టర్లు వాడి స్థలాన్ని, విద్యుత్తును వృథా చేయవలసి వస్తుంది. అంతేకాదు, క్లాకు సంకేతం నాట్యానికి తాళం వంటిది. క్రొత్త సంకేతం తాళం కంటె ముందుగా వచ్చిపడితే, పాతది ఇంకా గ్రహింపబడకముందే చెరిగిపోతుంది. ఆలస్యదోషం ఉన్న చిప్పును తక్కువ క్లాకు వేగంతోనైనా నడపవచ్చును. ముందుగా చేరే దోషానికి క్లాకును ఎంత తగ్గించినా మందు లేదు. ఆ దోషం చిప్పు తయారైన తరువాత బయటపడితే మాస్కులను మార్చి తిరిగి నిర్మించవలసిందే. అత్యాధునిక చిప్పుల విషయంలో అందుకు లక్షలాది డాలర్లు, నెలల కాలం వ్యయమవుతాయి.

అందుకే ఈ విద్యలో వివేకం, ప్రతి తీగకూ పరమ ఖచ్చితత్వం కోరడంలో లేదు. ఎక్కువ తీగలకు పట్టిక విలువ చాలును. క్లాకును మోసే తీగలకు, కాలపు అంచున నడిచే తీగలకు, బలహీన సంకేతాలు మోసే తీగలకు నేరుగా సాధించిన విలువ కావలెను. ఏ తీగ ఏ కోవకు చెందునో గుర్తించడమే ఇంజనీరు నేర్పు.

ఇంటిలో చేయదగిన ప్రయోగం

కెపాసిటెన్స్ కొలిచే సదుపాయం గల మల్టీమీటరు ఉంటే పిల్లలు ఈ విషయాన్ని స్వయంగా పరీక్షింపవచ్చును. 10 సెంటీమీటర్ల చదరపు అల్యూమినియం రేకులు రెంటి నడుమ ఒక కాగితం ఉంచి, పైన బరువైన పుస్తకం పెట్టవలెను. కాగితం మందం 0.1 మిల్లీమీటరు, రోధక స్థిరాంకం 3 అనుకుంటే పలకల సూత్రం ప్రకారం సుమారు 2.7 నానోఫారడులు రావలెను. పుస్తకం తీసివేస్తే రేకుల నడుమ గాలి చేరి విలువ తగ్గుతుంది.

తరువాత 10 మీటర్ల జంట విద్యుత్ తీగను, గోడలోని ప్లగ్గుకు ఎంతమాత్రమూ తగిలించకుండా, విడిగా తీసుకొనవలెను. ఒక కొసన రెండు తీగల చివరలు ఒకదానికొకటి తగలకుండా ఉంచి, రెండవ కొసన మీటరు తగిలించి కొలవవలెను. కొన్ని వందల పికోఫారడులు కనిపిస్తాయి. దానిని సగానికి మడిచి, చుట్టి, విప్పి, తిరిగి కొలిచి, అంకె ఎంత మారినదో పుస్తకంలో వ్రాసుకొనవలెను. ఆ తీగను తయారుచేసినవారు దానిని కెపాసిటర్‌గా చేయలేదు, దుకాణదారు ఆ పేరుతో అమ్మలేదు. అయినా మీటరుపై అంకె కనిపిస్తూనే ఉంటుంది.